వెతికే ముందు ఒక్క నిమిషం: ఇంటర్నెట్ వాడుతూనే సొంత ఆలోచన నిలబెట్టుకోవడం ఎలా

2020 అక్టోబర్ 13 రాత్రి కురిసిన వానను హైదరాబాద్‌లో ఉన్నవాళ్లెవరూ మర్చిపోరు. ఘట్‌కేసర్ దగ్గర 24 గంటల్లో 32 సెంటీమీటర్లు పడింది. మా కాలనీలో కరెంటు పోయింది, వీధిలో మోకాలి లోతు నీళ్లు. ఆ చీకట్లో నా ఫోన్‌కి ఒక వీడియో వచ్చింది. చెరువు కట్ట మీంచి నీళ్లు దూకుతున్నాయి, పక్కన ఒక ఆటో కొట్టుకుపోతోంది. కింద "కట్ట తెగింది, మనవైపే వస్తోంది, వెంటనే పై అంతస్తులకు ఎక్కండి" అని రాసి ఉంది. ఒక్కసారి చూశాను. మూడు గ్రూపులకు పంపేశాను.

కింది పోర్షన్‌లో ఉండే ఆంటీకి డెబ్బై దాటాయి, మోకాళ్ల నొప్పులు. నా మెసేజ్ చూసి అంకుల్ ఆమెను ఆ చీకట్లోనే మెట్లు ఎక్కించారు. రెండో అంతస్తు మలుపులో ఆమె జారి పడ్డారు, మణికట్టు వాచింది. తెల్లారాక అదే వీడియో మళ్లీ పెట్టుకుని చూస్తే, ఆటో నంబర్ ప్లేట్ మీద "కేఏ" అని కనబడింది. కర్ణాటక బండి. ఆ రెండక్షరాలు రాత్రి కూడా అక్కడే ఉన్నాయి, నేనే చూడలేదు.

నేను అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు రీజనింగ్ చెబుతాను. ఏ మాట నుంచి ఏ నిర్ధారణకు రావచ్చో, దేనికి రాకూడదో రోజంతా బోర్డు మీద రాసే మనిషిని. అలాంటిదాన్ని ఫోన్ చేతిలోకి వచ్చేసరికి ఆ పని చేయలేకపోయాను. ఆ సిగ్గుతోనే తర్వాత కొంతమంది పిల్లల్ని కూడగట్టి ఆదివారాలు కూర్చోవడం మొదలుపెట్టాను. అక్కడ మేం చేసి చూసి, పనికొచ్చినవి మాత్రం ఉంచుకున్న పద్ధతులు ఇవి.

ఇంటర్నెట్ మన బుర్రల్ని పాడుచేసిందనే మాట నేను ఒప్పుకోను. అది తీసేసింది ఒక్కటే: ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఉండే ఖాళీని. ఇదివరకు ఒక సందేహం వస్తే నాన్ననో మాస్టారునో అడగాలి, లేదా బస్సెక్కి అఫ్జల్‌గంజ్ లైబ్రరీకి పోవాలి. పోయేలోపు మనసులో నాలుగు ఊహలు పుట్టేవి, రెండు చచ్చేవి. ఆలోచన అనేది జరిగేది ఆ దారిలోనే. ఇప్పుడు సందేహం పూర్తిగా రూపం కట్టకముందే జవాబు తెర మీద ఉంటుంది. ఆ ఖాళీని మళ్లీ మనమే కల్పించుకోవాలి. కింది మెట్లన్నీ దానికోసమే.

మొదటి మెట్టు: వెతకడానికి ముందు మీ జవాబు రాయండి

అన్నిటికన్నా ఇదే ముఖ్యం. మిగతావి కుదరకపోయినా ఇది ఒక్కటి చేయండి.

చిన్న నోట్‌బుక్ ఒకటి దగ్గర పెట్టుకోండి. సందేహం వచ్చి చెయ్యి ఫోన్ మీదికి పోగానే, ముందు మూడు ముక్కలు రాయండి: ప్రశ్న ఏమిటి, నా అంచనా ఏమిటి, ఆ అంచనా మీద నాకు నూటికి ఎంత నమ్మకం. తర్వాతే వెతకండి. వెతికాక పక్కనే ఇంకో వాక్యం: నేను ఎక్కడ తప్పాను, ఎందుకు తప్పాను.

ఒక ఆదివారం పిల్లల్ని అడిగాను, ప్రెషర్ కుక్కర్‌లో పప్పు ఎందుకు తొందరగా ఉడుకుతుందని. అందరూ నమ్మకం తొంభైకి పైనే వేసుకున్నారు. ఒక అబ్బాయి తొంభై అయిదు వేశాడు.

"ఆవిరి వల్ల మేడమ్."

"మామూలు గిన్నెలోనూ ఆవిరి వస్తుంది కదా నాన్నా?"

"ఇందులో బయటికి పోదు మేడమ్, మూత బిగించి ఉంటుంది."

"పోకపోతే పప్పుకేంటి?"

అక్కడ ఆగిపోయాడు. పక్కవాళ్లూ ఆగిపోయారు. ఆవిరి లోపలే ఉండి ఒత్తిడి పెరిగితే నీళ్లు మరిగే వేడి కూడా పెరుగుతుంది, 100 డిగ్రీల దగ్గర ఆగాల్సిన నీళ్లు సుమారు 120 దాకా పోతాయి, ఆ వేడికి పప్పు తొందరగా మెత్తబడుతుంది. ఇదంతా వాళ్లు స్కూల్లో చదువుకున్నదే. అయిదు నిమిషాల తర్వాత ఒకమ్మాయి తనంతట తానే ఆ లంకె పట్టుకుంది. తొంభై అయిదు వేసుకున్న అబ్బాయి దాన్ని కొట్టేసి నలభై అని రాసుకున్నాడు. ఎవరూ చెప్పలేదు వాడికి.

2002లో యేల్ విశ్వవిద్యాలయంలో లియొనిడ్ రోజెన్‌బ్లిట్, ఫ్రాంక్ కైల్ సరిగ్గా ఇలాంటి పరిశోధనే చేశారు. జిప్పు, కుట్టుమిషన్, తాళం ఎలా పనిచేస్తాయో మీకెంత తెలుసని మనుషుల్ని అడిగి, తర్వాత వివరంగా రాయమన్నారు. రాయడానికి కూర్చున్నాక వాళ్లే తమ మార్కులు తగ్గించుకున్నారు. 2015లో అదే కైల్, మాథ్యూ ఫిషర్, మేరియల్ గాడ్డు కలిసి ఇంకో అడుగు వేశారు. కొన్ని ప్రశ్నలకు ఇంటర్నెట్‌లో జవాబులు వెతికినవాళ్లు, వాటితో సంబంధమే లేని వేరే విషయాలు కూడా తమకు బాగా తెలుసని అనుకున్నారట. ఫోన్‌లో ఉన్నది తలలో ఉన్నట్టే అనిపిస్తుందన్నమాట. ఈ భ్రమను కాగితం మీద అంకె వేసుకుని పట్టుకోవడం తప్ప నాకు ఇంకో దారి దొరకలేదు.

జ్ఞాపకం సంగతీ ఇంతే. 2011లో బెట్సీ స్పారో బృందం, సమాచారం కంప్యూటర్‌లో భద్రంగా ఉంటుందని తెలిసినప్పుడు మనుషులు దాన్ని తక్కువగా గుర్తుపెట్టుకుంటారని ప్రచురించింది. ఆ పరిశోధనలోని ఒక ప్రయోగాన్ని తర్వాత వేరేవాళ్లు మళ్లీ చేస్తే అదే ఫలితం రాలేదు. అందుకే దాన్ని పట్టుకుని "గూగుల్ వల్ల మతిమరుపు" అని భయపెట్టేవాళ్లను నేను నమ్మను. కానీ ఆలోచించడానికి తలలో కొంత సరుకు ఉండాలి. కేఏ అంటే కర్ణాటక అని నాకు ముందే తెలిసి ఉండబట్టే కదా పొద్దునైనా పట్టుకోగలిగాను.

రోజుకు మూడు ప్రశ్నలు చాలు. నెల రోజులయ్యాక నోట్‌బుక్ వెనక్కి తిప్పి చూడండి. ఏ విషయాల్లో మీ నమ్మకం ఎక్కువ, జ్ఞానం తక్కువ అనేది అక్కడ కనబడుతుంది. నాకైతే వైద్యం విషయాల్లో అలా తేలింది.

రెండో మెట్టు: గుండె కొట్టుకుంటే చెయ్యి ఆపండి

ఒక మెసేజ్ చదవగానే భయమో కోపమో జాలో పొంగిందంటే, అదే మీకు గుర్తు. ఫోన్ బోర్లా పెట్టండి, మంచినీళ్లు తాగండి, మళ్లీ తీసి మొదటి నుంచి చదవండి. పంపాలా వద్దా అన్నది అప్పుడు తేల్చుకోండి.

2018లో సోరోష్ వోసోగి, డెబ్ రాయ్, సినాన్ ఆరల్ అనే ముగ్గురు 2006 నుంచి 2017 దాకా ట్విట్టర్‌లో తిరిగిన సుమారు 1,26,000 వార్తల దారిని వెతికారు. నిజం 1,500 మందికి చేరడానికి పట్టిన కాలం అబద్ధంకన్నా ఆరు రెట్లు ఎక్కువ. దీనికి కారణం తమంతట తామే పోస్టులు పంపే ప్రోగ్రాములు (బాట్లు) కావని, అబద్ధాల్లో ఉండే కొత్తదనానికి ఆకర్షితులై మనుషులే పంపుతున్నారని వాళ్లు తేల్చారు.

మన ఊరికి ఇదేమీ కొత్త కాదు. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వదంతి పాకింది. ఆ ఊపులో చాంద్రాయణగుట్టలో ఒక గుంపు ట్రాన్స్‌జెండర్ల మీద దాడి చేసింది, ఒకరి ప్రాణం పోయింది. అదే రోజుల్లో జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి, ఊళ్లలోకి పోలీసుల్ని పంపి, జానపద పాటలు కట్టించి పాడించి, ఇవి అబద్ధాలని చెప్పించారు. ఫోన్‌లో వచ్చినదాన్ని మనిషి ఎదురుగా నిలబడి ఆపడం అది.

అదే ఏడాది జులైలో వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డ్‌ను అయిదు చాట్లకు పరిమితం చేసింది. 2020 ఏప్రిల్ నుంచి చాలాసార్లు చేతులు మారిన మెసేజ్‌ను ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తోంది. అలాంటి మెసేజ్ మీద జంట బాణాల గుర్తు ఉంటుంది. ఆ గుర్తు ఉందంటే మీకు పంపినవాళ్లు అది రాయలేదని అర్థం. మా పెద్దమ్మ పంపింది కాబట్టి నిజమే అనుకోకండి. పెద్దమ్మకూ ఎవరో పంపారు.

"నిప్పు లేనిదే పొగ రాదు" అనే సామెత ఇక్కడ పనికిరాదు. ఒకే మాట పదిసార్లు వింటే నిజమనిపించడం మనసు స్వభావం, దీన్ని 1977లోనే హాషర్, గోల్డ్‌స్టీన్, టొప్పినో ప్రయోగంతో చూపించారు. అసలు నిజం ముందే తెలిసినవాళ్లు కూడా దీనికి లొంగుతారని 2015లో మరో పరిశోధన తేల్చింది. నాలుగు గ్రూపుల్లో వచ్చింది అంటే నాలుగుసార్లు వచ్చింది అనే తప్ప, నలుగురు సాక్షులు ఉన్నారని కాదు.

మూడో మెట్టు: కిందికి చదవకండి, పక్కకు చదవండి

ఒక పేజీ నమ్మదగినదో కాదో తేల్చుకోవడానికి మనం ఏం చేస్తాం? ఆ పేజీనే శ్రద్ధగా చదువుతాం. బాగా రాశారా, డాక్టరు ఫొటో ఉందా, ఇంగ్లిష్ బాగుందా అని చూస్తాం. ఇక్కడే దెబ్బతింటాం.

స్టాన్‌ఫర్డ్‌లో శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ పదిమంది చరిత్రకారుల్ని, పదిమంది నిజనిర్ధారణ చేసే పాత్రికేయుల్ని, పాతికమంది విద్యార్థుల్ని పక్కపక్కన పెట్టి చూశారు. అమెరికాలో పిల్లల వైద్యుల సంఘాలు రెండింటి వెబ్‌సైట్లు ఇచ్చారు. ఒకటి 1930లో పుట్టిన పెద్ద సంఘం, ఇంకోటి 2002లో విడిగా పెట్టుకున్న చిన్న సంఘం. చాలామంది విద్యార్థులు చిన్నదాన్నే ఎక్కువ నమ్మారు, దాని పేజీ చూడ్డానికి బాగుంది కాబట్టి. పాత్రికేయులు మాత్రం పేజీ తెరిచిన కాసేపటికే దాన్ని వదిలేసి, కొత్త ట్యాబులు తెరిచి, ఈ సంఘం గురించి బయటివాళ్లు ఏమంటున్నారో చదివారు. ఏ సంఘం నమ్మదగినదో వాళ్లకే ముందు తేలింది.

దీన్ని మన ఇళ్లలో రోజూ కనబడే ఒక మాట మీద పెట్టి చూద్దాం. "21 రోజుల్లో షుగర్ మాయం, మాత్రలు పారేయండి" అని ఒక వీడియో. తెల్లకోటు వేసుకున్న ఒకాయన మాట్లాడుతుంటాడు. వీడియో ఆపి, కొత్త ట్యాబ్‌లో ఆయన పేరు కొట్టండి. డాక్టరేనా, ఏ శాఖలో? కింద ఫోన్ నంబరో పొడి డబ్బానో ఉందా? ఉంటే ఆయన చెప్పేది సలహా కాదు, బేరం. షుగర్ నయం చేస్తామని మందుల ప్రకటన ఇవ్వడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. ఆ ఒక్క ముక్క తెలిస్తే సగం వీడియోలు అక్కడే రాలిపోతాయి. ఇంకో సంగతి: హెచ్‌బీఏ1సీ పరీక్ష రక్తంలో షుగర్‌కు సుమారు మూడు నెలల సగటు చూపిస్తుంది. 21 రోజుల తేడాతో రెండు రిపోర్టులు చూపించి "చూడండి" అంటే, ఆ పరీక్ష అడిగే కాలమే గడవలేదు. ఇక తిండి గురించి ప్రామాణికమైన మాట కావాలంటే మన తార్నాకలోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 2024లో వాళ్లు భారతీయుల ఆహార మార్గదర్శకాలను సవరించి విడుదల చేశారు, ఎవరైనా చదువుకోవచ్చు. దేశమంతా చూసే సంస్థ మెట్రోకి నడిచి వెళ్లే దూరంలో ఉండగా, ఎక్కడివాడో తెలియని మనిషి మాట మీద మాత్రలు ఆపేయడం చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

తెలుగులో వెతికేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. ఒకే వార్తను పది ఛానెళ్లు మాట మార్చకుండా చదువుతాయి. పది చోట్ల ఉంది కాబట్టి పది ఆధారాలనుకుంటాం. అన్నిటికీ మూలం ఎవరని వెనక్కి వెళ్తే ఒక్కరే తేలతారు, ఒక్కోసారి ఎవరూ తేలరు. లెక్కపెట్టాల్సింది మూలాల్ని. వైరల్ మాటల సంగతి తెలుగులోనే తేల్చి రాసే ఫ్యాక్ట్‌లీ వెబ్‌సైట్ హైదరాబాద్‌దే. కేంద్ర ప్రభుత్వ పథకాలు, ఉత్తర్వుల గురించైతే పీఐబీ ఫ్యాక్ట్ చెక్ చూడండి.

నాలుగో మెట్టు: ఫొటో, వీడియో అయితే మూలలు చూడండి

మధ్యలో ఉన్నది మనల్ని ఏమార్చడానికే ఉంటుంది. నంబర్ ప్లేట్లు, దుకాణాల బోర్డుల మీది లిపి, బస్సుల రంగు, కరెంటు స్తంభాలు, మనుషులు వేసుకున్న స్వెట్టర్లు, ఇవన్నీ చూడండి. మే నెల వీడియో అని పెట్టి అందులో మనుషులు మంకీ క్యాప్‌లు పెట్టుకుని ఉంటే ఇక చెప్పేదేముంది. వీడియోను ఆపి స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో పెడితే అది ముందెప్పుడైనా వచ్చిందా తెలుస్తుంది. వానల విషయంలో బేగంపేటలోని వాతావరణ కేంద్రం చెప్పేదానికీ మన గ్రూపులో వచ్చినదానికీ పొంతన ఉందో లేదో చూడటానికి రెండు నిమిషాలు పట్టదు.

అయిదో మెట్టు: ప్రశ్నను తిరగేసి అడగండి

"రాగి చెంబులో నీళ్ల లాభాలు" అని వెతికితే లాభాలే వస్తాయి. "రాగి నీళ్ల వల్ల నష్టాలు" అని వెతికితే నష్టాలే వస్తాయి. మీరు ఏది తలచుకుని వెళ్లారో అదే చేతిలో పెట్టి పంపుతుంది ఇంటర్నెట్. కాబట్టి రెండు ప్రశ్నలూ వేయండి, ముఖ్యంగా మీకు నచ్చని రెండో ప్రశ్నను.

దీన్ని పిల్లలకు చెప్పడానికి 1960లో పీటర్ వేసన్ వాడిన ఆటే ఆడిస్తాను. బోర్డు మీద 2, 4, 6 రాసి, "నా మనసులో ఒక నియమం ఉంది, ఈ మూడూ దానికి సరిపోతాయి. మీరూ మూడేసి అంకెలు చెప్పండి, సరిపోతాయో లేదో చెబుతాను. నియమం కనుక్కోండి" అంటాను. వెంటనే 8, 10, 12 అంటారు. సరే అంటాను. 20, 22, 24. సరే. "రెండేసి పెరగాలి మేడమ్!" తప్పు. అసలు నియమం, అంకెలు పెరుగుతూ పోవాలి, అంతే. 1, 2, 50 చెప్పినా సరేననేదాన్ని. తమ ఊహ తప్పయితే బయటపడే అంకెలు ఎవరూ అడగరు. నేనూ మొదటిసారి ఆడినప్పుడు అడగలేదు. రీల్స్, షార్ట్స్ కూడా ఇంతే, మనం 8, 10, 12 ఇష్టపడ్డామని తెలిశాక 14, 16, 18 వేస్తూ పోతాయి. అందుకే వారానికి ఒకసారి, మీకు గట్టి అభిప్రాయం ఉన్న ఒక విషయం తీసుకుని, "నేను తప్పని ఏది చూస్తే ఒప్పుకుంటాను?" అని రాసుకోండి. ఆ వాక్యం రాయలేకపోతే, అది అభిప్రాయం దాటి ఎక్కడికో పోయిందని అనుకోవాలి.

ఆరో మెట్టు: ఏఐని రెండోసారి అడగండి, మొదటిసారి కాదు

ఇప్పుడు పిల్లలు గూగుల్‌ను కూడా దాటి చాట్‌బాట్‌ను అడుగుతున్నారు. నేను వద్దనను. వ్యాసం ముందు మీరు రాయండి, ఎంత వంకరగా వచ్చినా సరే. ఆ తర్వాత "ఇందులో బలహీనమైన వాదన ఏది, నేను వదిలేసిన కోణం ఏది" అని దాన్ని అడగండి. 2025లో మైక్రోసాఫ్ట్, కార్నెగీ మెలన్ పరిశోధకులు 319 మంది ఉద్యోగులను అడిగితే, ఏఐ మీద నమ్మకం ఎక్కువున్నచోట తాము తక్కువ తరచి చూస్తున్నామని, తమ సామర్థ్యం మీద నమ్మకం ఉన్నచోట ఎక్కువ తరచి చూస్తున్నామని చెప్పారు. అది చెప్పిన పేర్లు, సంవత్సరాలు, సెక్షన్ నంబర్లు విడిగా సరిచూడాల్సిందే. లేని పుస్తకానికి కూడా పేజీ నంబరు ఇస్తుంది, ఏమాత్రం తడబడకుండా.

ఏడో మెట్టు: వారానికి రెండు గంటలు ఒకే పుస్తకం

తరచి చూడాలంటే ఒక వాదనను చివరిదాకా మోయగలగాలి. ముప్పై సెకన్లకోసారి విషయం మారిపోతే ఆ ఓపిక పోతుంది. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ, 1901లో పుట్టి ఇప్పుడు సుల్తాన్ బజార్‌లో ఉన్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, ఏది దగ్గరైతే అక్కడ కూర్చోండి. ఫోన్ బ్యాగులో పెట్టండి. ఫోన్ బల్ల మీద ఉంటేనే బుర్ర మందగిస్తుందని 2017లో ఒక పరిశోధన అంది, తర్వాత మళ్లీ చేసిన వాటిలో కొన్నింటికి ఆ ఫలితం రాలేదు. నాకు మాత్రం ఫోన్ కనబడితే చెయ్యి పోతుంది, అందుకని బ్యాగు. మొదటి పావుగంట కష్టంగా ఉంటుంది. ప్రతి అధ్యాయం తర్వాత రచయిత వాదన ఏమిటో నాలుగు వాక్యాల్లో రాసి, అయిదో వాక్యంలో మీరెక్కడ ఒప్పుకోరో రాయండి.

ఎనిమిదో మెట్టు: ఇంట్లోవాళ్లతో, గ్రూపుల్లో

పెద్దవాళ్లు పంపిన మెసేజ్ కింద అందరిముందూ "ఫేక్" అని కొడితే వాళ్లు నొచ్చుకుంటారు, రేపటి నుంచి మీకు తప్ప మిగతావాళ్లకు పంపుతారు. విడిగా ఫోన్ చేయండి. "బాబాయ్, ఇది మీకెవరు పంపారు? వాళ్లకు ఎలా తెలిసిందట?" అని అడగండి. ఆయన్నే వెనక్కి నడవనివ్వండి. రెండడుగులు వేసేసరికి ఆయనకే అర్థమవుతుంది. పోలీసులమంటూ వీడియో కాల్ చేసి "డిజిటల్ అరెస్ట్" అని బెదిరించే మోసాల గురించి మాత్రం ఆగకుండా ముందే చెప్పి పెట్టండి: మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు, కాల్ కట్ చేసి సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి. ఆ నంబరు కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి. టెన్షన్‌లో ఎవరికీ వెతకడం చేతకాదు.

మీరే తప్పు పంపినట్టు తేలితే, డిలీట్ చేసి ఊరుకోకండి. ఎక్కడెక్కడ పంపారో అక్కడల్లా సరిదిద్దండి. సవరణలో ముందు నిజం రాయాలి, తర్వాత తప్పు, తర్వాత మీకెలా తెలిసిందో. తప్పుతో మొదలుపెడితే జనానికి మళ్లీ అదే గుర్తుండిపోతుంది. ఆ అక్టోబర్ 14 పొద్దున మూడు గ్రూపుల్లోనూ నేను రాసింది ఇది:

"మన పక్క చెరువు కట్ట తెగలేదు, ఇప్పుడే వెళ్లి చూసి వచ్చాను. రాత్రి నేను పంపిన వీడియో మన ఊరిది కాదు. పన్నెండో సెకను దగ్గర ఆపి ఆటో నంబర్ చూడండి, కేఏ అని ఉంటుంది. చూడకుండా పంపాను, క్షమించండి. మీరు ఎవరికైనా పంపి ఉంటే ఇది కూడా వాళ్లకు పంపండి."

పంపి కిందికి వెళ్లి ఆంటీ పక్కన కూర్చున్నాను. మణికట్టుకు గుడ్డ చుట్టుకుని ఉన్నారు. ఇంకో చేత్తో ఫోన్ పట్టుకుని, పన్నెండో సెకను దగ్గర ఎలా ఆపాలో చూపించమన్నారు.